ముఖలింగంలో మా పిల్లల నాటకం

నాటకమనగానే మనకు తెర, రంగు దీపాలు, మైకు గుర్తుకు వస్తాయి. కాని మన ఉత్తరాంధ్రలో తూర్పు భాగవతం ఆడేవారికి ఊరి వీధే రంగస్థలం. మద్దెల మోగితే చాలు, పిల్లాజెల్లాతో జనం చేరేవారు. ఆ దారిలోనే మా కాలేజీ విద్యార్థులచేత ఒక నాటకం ఆడించాలని సంకల్పించాము. దానికి తగిన చోటు శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం అనుకున్నాము.

ఆ ఊరే ఎందుకంటారా? వంశధార ఒడ్డునున్న ఈ పల్లె ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు కొలువైన మూడు ఆలయాలు నేటికీ నిలిచి ఉన్నాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన పర్వతాలపేట దీనికి దగ్గరే. ఈ గుళ్ళలోని శాసనాలు చదవాలన్న పట్టుదలతో ఆయన పాత లిపులను స్వయంగా నేర్చుకున్నారు.

అదే మా కథ. ఒక యువకుడు గోడమీది అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటాడు. ఒక్కొక్క పంక్తి విడిపడేకొద్దీ ఆనాటి దాతలు ఎదుటికి వచ్చి మాట్లాడతారు. రాజులే కాదు, గుడిలో అఖండదీపానికి దానమిచ్చినవారూ వస్తారు. ప్రేక్షకులకు కుర్చీలు ఉండవు. ఊరి మొదట సోమేశ్వరాలయం దగ్గర బయలుదేరి, పాత్రల వెంట మధుకేశ్వరాలయం దాకా నడవాలి.

చిక్కు మాటల దగ్గర వచ్చింది. దాత పాత్ర వేసే అమ్మాయి, "గుడికాడ మా యాసలో మాటాడితే నవ్వరేటి మాస్టారూ?" అంది. కొందరు గ్రాంథికమే గంభీరంగా ఉంటుందన్నారు. వాడుక మాట కోసం జీవితం ధారపోసిన మనిషి కథను, తమ ఇంటి మాటకు సిగ్గుపడుతూ పిల్లలు ఆడితే ఇక ఆడటమెందుకు? శాసన పాఠం ఉన్నది ఉన్నట్లు చదవాలని, దాతలు మాత్రం సిక్కోలు మాటే పలకాలని తీర్మానించాము. ఆ అమ్మాయి తన సంభాషణలను వాళ్ళ మామ్మకు చదివి వినిపించి, సగం దిద్దించుకుని వచ్చింది!

ఇక అసలు పని అనుమతులది. ఇది కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1959 నాటి నిబంధనల ప్రకారం, ఆచారంగా వస్తున్న మతపరమైన కార్యాలకు తప్ప, సభలకైనా వినోదాలకైనా కేంద్ర ప్రభుత్వం లిఖితపూర్వకంగా అనుమతించాలి. దరఖాస్తు సిద్ధం చేస్తూనే పిల్లలు కొన్ని నియమాలు రాసుకున్నారు: రాతికి మేకు కొట్టరాదు, తాడు కట్టరాదు, శిల్పాన్ని ఆనుకోరాదు, దర్శనానికి వచ్చేవారి దారికి అడ్డు నిలవరాదు, హారతి గంట మోగేలోగా నాటకం ముగియాలి.

రోజు ఎన్నుకోవడమూ తేలిక కాలేదు. గిడుగువారి పుట్టినరోజు ఆగస్టు 29 వానల్లో పడుతుంది. శివరాత్రికి ఇసుక వేస్తే రాలనంత జనం. అందుచేత సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం, మధ్యాహ్నం మూడున్నరకు మొదలుపెడదామనుకున్నాము. వాలు ఎండలో శాసనాక్షరాలు బాగా కనిపిస్తాయి. చీకటి పడకముందే ఆడపిల్లలు బస్సెక్కుతారు కనుక తల్లిదండ్రులకూ బెంగ ఉండదు.

అనుమతి వస్తే ఆలయ ఆవరణలో, రాకపోతే ఆ గోపురాలు కనిపించే ఏటి ఒడ్డున ఆడతాము. ఎక్కడ ఆడినా, దీపానికి దానమిచ్చిన ఆ తల్లి మాట్లాడేది మాత్రం మన సిక్కోలు మాటే.