ఆరాధన గీతాలకు స్లాష్ కార్డులు: రాగం చెడకుండా వాయించే విధానం

ఋషికుల్యా తీరాన ఉన్న అస్కా మొదలుకొని బరంపురం, పర్లాకిమిడి వరకు తెలుగు పలికే క్రైస్తవ కుటుంబాలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం కొత్తది కాదు. అందులో అనేక కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతంవారే. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆ పుస్తకంలో కీర్తనకు పైన రాగం, తాళం ముద్రించి ఉంటాయి. కార్డుల ప్రస్తావన ఉండదు. హార్మోనియం స్థానంలో కీబోర్డు వచ్చిన చోట చిక్కు ఇక్కడే మొదలవుతుంది. "ఈ పాటకు కార్డులు కుదరవు" అని యువకులు పాత కీర్తనను పక్కన పెడతారు. నాలుగు ఆదివారాలు పాడని పాట పిల్లలకు తెలియకుండానే పోతుంది. నిజానికి లోపం కీర్తనలో లేదు, కార్డు వేసే పద్ధతిలో ఉంది.

సి ని షడ్జమంగా తీసుకుంటే సి మేజర్ కార్డు అనగా స, గ, ప. అవే మూడు స్వరాలను గ-ప-స అని గాని, ప-స-గ అని గాని అమర్చవచ్చు. అట్టడుగు స్వరం మారుతుంది, కార్డు మారదు. దీనినే ఇన్వర్షన్ అంటారు. సి/ఇ అని వ్రాస్తే పైన సి కార్డు, కింద బేస్‌లో గాంధారం అని అర్థం. గీత తరువాతి అక్షరం ఎప్పుడూ కింది స్వరమే. ఆ స్వరం కార్డులోనిదే కానక్కరలేదు. పంచమం మీద ఎఫ్ కార్డు (ఎఫ్/జి) వేసి పల్లవికి మరలడం అందరికీ పరిచయమైన ప్రయోగమే.

సి, ఎఫ్, జి కార్డులను మొదటి రూపంలోనే వేస్తే చేయి మెట్ల మీద గెంతుతూ ఉంటుంది, వినేవారికీ ఆ గెంతులు తెలుస్తాయి. స-గ-ప తరువాత స-మ-ధ, ఆపై మంద్ర నిషాదంతో ని-రి-ప వేసి చూడండి. వ్రేళ్ళు ఒకటి రెండు మెట్లే కదులుతాయి. ఎడమచేయి తిత్తికే సరిపోయే హార్మోనియం వాద్యకారునికి ఇది మరీ ఉపయోగం. కీబోర్డులో ఎడమచేతికి వేరే పని ఇవ్వవచ్చు: సి, జి/బి, ఏ మైనర్, ఏ మైనర్/జి, ఎఫ్, సి/ఇ, డి మైనర్, జి. కింద స-ని-ధ-ప-మ-గ-రి అని స్వరం మెట్లు దిగి పంచమానికి చేరుతుంది. పాట వరుస దానికి ఒప్పుకున్న చోటనే సుమా!

రాగకీర్తనల సంగతి వేరు. మోహనంలో మధ్యమ నిషాదాలు లేవు. కనుక ఆ రాగస్వరాలతో ఏర్పడే పూర్తి కార్డులు రెండే: స-గ-ప, ధ-స-గ. అలవాటుగా జి మేజర్ నొక్కితే నిషాదం చొరబడి రాగం చెదురుతుంది. ఉన్న రెండు కార్డుల కిందనే గాంధార, పంచమాలను మార్చి వేస్తే నడక వస్తుంది. పాట రిషభం మీద నిలిచినప్పుడు ప-రి అనే రెండు స్వరాలు చాలు. కల్యాణిలో ప్రతిమధ్యమం ఉన్నందున ఎఫ్ కార్డు పనికిరాదు. షడ్జమాన్ని కింద నిలిపి దానిమీద డి మేజర్ (డి/సి) వేస్తే తంబురా శ్రుతి వంటి ఆధారం నిలుస్తుంది, రాగమూ నిలుస్తుంది. ఇటువంటి చోట తక్కువ వాయించేవాడే మంచి వాద్యకారుడు.

కొన్ని జాగ్రత్తలు. కీబోర్డులో రిథమ్ పెట్టినప్పుడు మామూలు పద్ధతిలో యంత్రం తనంతట తానే కార్డు మూలస్వరాన్ని బేస్‌లో వేస్తుంది. మీరు ఇన్వర్షన్ పట్టినా లెక్కచేయదు. కొన్ని యమహా నమూనాల్లో 'ఫింగర్డ్ ఆన్ బేస్' అనే ఏర్పాటు ఉంటుంది. అది లేకుంటే రిథమ్ ఆపి చేతితోనే వాయించడం మేలు. ఇద్దరు ముగ్గురు వాయించేటప్పుడు కింది స్వరం ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. ఒకరు సి/ఇ వేస్తుండగా బేస్ గిటారు సి మీదనే ఉంటే ఆ గీతకు అర్థం లేదు. మంద్రస్థాయిలో దగ్గర దగ్గర స్వరాలు కలిపి నొక్కితే మోత మిగులుతుంది గాని మాట వినబడదు. అక్కడ ఒక్క స్వరమే ఉండాలి.

సంఘం పాట అందుకునే మొదటి చరణంలో మూలస్వరం కిందనే ఉంచాలి. వెనుక బల్లపై కూర్చున్న పెద్దవారు శ్రుతి పట్టేది దానినిబట్టే. వారి గొంతులు కుదిరిన తరువాత, రెండో చరణం నుండి కింది స్వరాన్ని నడిపించవచ్చు.