శాస్త్ర సంఘాలలో వైవిధ్యం, సమన్యాయం

శాస్త్ర సంఘాలలో వైవిధ్యం, సమన్యాయం అనగా ఒక విద్యారంగానికి చెందిన పండితులు, పరిశోధకులు ఏర్పరచుకొన్న సంఘంలో స్త్రీలకు, అణగారిన కులాలవారికి, గ్రామీణులకు, వికలాంగులకు న్యాయమైన ప్రవేశం, గౌరవం, నిర్ణయాధికారం లభించేటట్లు చూడటం. తెలుగునాట దీనికి ముఖ్యమైన ఉదాహరణ 2019లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సు ఫలితంగా రూపొందిన హైదరాబాదు ఛార్టర్.

పదాల అర్థం

వైవిధ్యం అంటే సంఘంలో వేర్వేరు నేపథ్యాలవారు ఉండటం. సమన్యాయం అంటే అందరికీ ఒకే నియమం పెట్టి ఊరుకోక, కొందరికి మాత్రమే ఎదురయ్యే ఆటంకాలను గుర్తించి తొలగించటం. లోపలికి వచ్చినవారి మాటకు విలువ ఉండటం భాగస్వామ్యం. ఉదాహరణకు, వార్షిక సమావేశానికి ఎవరైనా రావచ్చునని ఒక సంఘం ప్రకటిస్తే అది సమానత్వంగానే కనిపిస్తుంది. కాని ప్రయాణపు ఖర్చు భరించలేని విద్యార్థి, చంటిబిడ్డ గల పరిశోధకురాలు, మెట్లు ఎక్కలేని అధ్యాపకుడు అక్కడికి చేరుకోలేరు. ప్రయాణ భత్యం, శిశు సంరక్షణ, ర్యాంపు వంటివి ఏర్పాటు చేసినప్పుడే ఆ ఆహ్వానం సార్థకమవుతుంది.

చరిత్ర

1660లో స్థాపించబడిన లండన్ రాయల్ సొసైటీ తొలిసారిగా స్త్రీలను ఫెలోలుగా ఎన్నుకొన్నది 1945లో. భారతదేశంలో 1933లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కమలా సొహోనీకి స్త్రీ అన్న కారణంగా మొదట ప్రవేశం నిరాకరించి, తరువాత షరతులతో చేర్చుకొంది. ఆమె 1939లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందింది. వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ 1935లో భారతీయ విజ్ఞాన అకాడమీ ఫెలోగా ఎన్నికైంది. 1914లో మొదలైన భారతీయ సైన్సు కాంగ్రెసుకు తొలి మహిళా అధ్యక్షురాలు 1975లో అసీమా ఛటర్జీ. 1935లో ఏర్పడిన భారత జాతీయ విజ్ఞాన అకాడమీకి ఒక మహిళ (చంద్రిమా సాహా) అధ్యక్షురాలు కావడానికి 2020 వరకు పట్టింది.

కృష్ణా డెల్టాకు ఈ చరిత్రతో సంబంధం ఉంది. 1862లో మచిలీపట్నంలో జన్మించిన రఘుపతి వెంకటరత్నం నాయుడు కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా స్త్రీలకు ప్రవేశం కల్పించాడు. అంటరానివారుగా చూడబడిన కులాల విద్యార్థుల చదువుకు తోడ్పడ్డాడు. తరువాత మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడయ్యాడు.

హైదరాబాదు ఛార్టర్

1970లో ఏర్పడిన భారతీయ భౌతికశాస్త్ర సంఘం, స్త్రీల స్థితిని పరిశీలించడానికి 2017లో ఒక కార్యవర్గాన్ని నియమించింది. ఈ వర్గం ఆధ్వర్యంలో 2019 సెప్టెంబరులో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సదస్సు జరిగింది. భౌతికశాస్త్రంలో స్త్రీలు తక్కువగా ఉండటానికి కారణం ప్రతిభాలోపం కాదనీ, వివక్షతో కూడిన పద్ధతులేననీ, కనుక వాటిని సరిదిద్దవలసిన బాధ్యత సంస్థలదేననీ ఛార్టర్ మూలభావన. అంటే మారవలసింది విద్యార్థిని కాదు, వ్యవస్థ.

ఎంపిక పద్ధతి

అసలు చిక్కు ఎంపిక పద్ధతిలో ఉంది. విజ్ఞాన అకాడమీలలో సాధారణంగా ఉన్న ఫెలోలే కొత్తవారి పేర్లను ప్రతిపాదిస్తారు. మనిషి తనకు తెలిసినవారినే తలచుకుంటాడు. కనుక ఎవరిలోనూ దురుద్దేశం లేకపోయినా పాత కూర్పే పునరావృతమవుతుంది. విద్యాసంస్థల ప్రవేశాలలో ఉన్న రిజర్వేషన్లు ఈ గౌరవ సభ్యత్వాలకు వర్తించవు. దీనికి సూచించే మార్గాలు ఇవి:

* సభ్యులు, వక్తలు, పురస్కార గ్రహీతల లెక్కలను ఏటా ప్రకటించటం
* ప్రతిపాదనలను బహిరంగంగా ఆహ్వానించటం, అర్హతలను ముందే తెలియజేయటం
* ఎంపిక సంఘాలలో వేర్వేరు నేపథ్యాలవారిని నియమించటం
* వేధింపులపై ఫిర్యాదుకు నమ్మదగిన ఏర్పాటు చేయటం

అభ్యంతరాలు, పరిమితులు

ఇటువంటి చర్యల వలన ప్రతిభకు విలువ తగ్గుతుందని కొందరి అభ్యంతరం. అయితే ప్రస్తుత పద్ధతి ప్రతిభను మాత్రమే చూస్తోందా అన్నది ఎదురు ప్రశ్న. రసాయన శాస్త్రవేత్త దర్శన్ రంగనాథన్, భర్త అదే సంస్థలో ఆచార్యుడు కావటంతో, అలిఖిత నియమం కారణంగా కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్య పదవి లేకుండానే ఏళ్ళ తరబడి పరిశోధన సాగించింది. చివరి సంవత్సరాలలో హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో పనిచేసింది. ఆమెకు అడ్డు వచ్చినది ప్రతిభ కాదు.

హైదరాబాదు ఛార్టర్ ప్రధానంగా స్త్రీ పురుష భేదానికి సంబంధించినది. కులం, భాష, ప్రాంతం అనే అడ్డంకులు మిగిలే ఉన్నాయి. నందివాడ వంటి మండలాల గ్రామాలలో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి గుడివాడలో డిగ్రీ తరువాత ఎదురయ్యే సదస్సులు, పత్రికలు, దరఖాస్తులు చాలావరకు ఆంగ్లంలోనే ఉంటాయి. విషయం తెలిసినా భాష తడబడితే వెనుకబడవలసి వస్తుంది. ఆ విద్యార్థి దరఖాస్తు పెట్టేవరకు తోడు నిలవటం కూడా శాస్త్ర సంఘాల పనిలో భాగమే.

ఇవి కూడా చూడండి

* రఘుపతి వెంకటరత్నం నాయుడు
* జానకి అమ్మాళ్
* హైదరాబాదు విశ్వవిద్యాలయం