నాహనీ నదిపై పడవ ప్రయాణము

కెనడా దేశమున వాయవ్యదిక్కున మెకంజీ పర్వతములయందు దక్షిణ నాహనీ యను నది కలదు. 500 కిలోమీటర్లకు మించిన దాని పొడవున జనావాసములు మిక్కిలి యరుదు. అయినను ఏటేట వేసవిలో స్త్రీపురుషులు కనూలతో నచ్చటికి బోవుచుందురు. కనూ యనగా ఇరువురు కూర్చుండి చెరియొక తెడ్డుతో నడుపు సన్నని తేలికపడవ. దోమలకు దేహము నప్పగించి, ఎలుగుబంట్లు తిరుగు నడవిలో గుడారములు వేసికొని, పది పండ్రెండు దినములు గడపుటలో సుఖమేమని సోదరీమణు లడుగుట న్యాయమే.

పర్వతములు లేచుటకు పూర్వమే యీ నది యచ్చట మెలికలు తిరుగుచు పారుచుండెను. కొండలు మెల్లమెల్లగా పైకి లేచుచుండ, నది తన దారి విడువక వానిని కోసికొనుచు పోయెను. అందుచే మైదానపు నదివలె వంకరలు తిరుగుచునే, కొన్నిచోట్ల వేయిమీటర్ల యెత్తుగల రాతిగోడల నడుమ సాగును. ఇట్టి యిరుకులోయలు నాలుగు. దిగువకు బోవువారికి నాలుగవది ముందు, మొదటిది కడపట వచ్చును. లెక్క పెట్టినవారు ఏటి కెదురు వచ్చినవారు మరి! బంగారము వెదకబోయిన యన్నదమ్ము లిరువురి మొండెములు 1908లో దొరకిన చోటికి మృతులలోయ యని పేరు నిలిచినది.

నాలుగవ లోయకు ఎగువను నది సుమారు 90 మీటర్లు క్రిందికి దూకును. నయాగరాకు దాదాపు ఇబ్బడి. అచ్చటి యాదిజనులగు డేనెలు దానిని నైలిచో యందురు. 1928లో వచ్చిన ఫెన్లీ హంటరు తన చిన్నికూతురి పేర దానిని వర్జీనియా జలపాతమనెను. అచ్చటికి బాట లేదు. నీటిపై వ్రాలు చిన్నవిమానములే దిక్కు. ఎగువనుండి వచ్చువారు అచ్చట దిగి, పడవను తలపై బోర్లించుకొని, మూటలు మోసికొని కొండదారిని క్రిందికి నడువవలెను.

మా మనసున నెక్కువగా నాటినది కనూ కాదు, అంతకు పూర్వపు పడవ. డేనె కుటుంబములు చలికాలమంతయు కొండలలో వేటాడి, వసంతమున నది పొంగినపుడు దిగివచ్చెడివి. పురుషులు కొయ్యచట్రము గట్టెడివారు. మూసు అను పెనుదుప్పి చర్మములు పెక్కింటిని చేర్చి స్త్రీలు నరముతో కుట్టి, కుట్టుకుట్టునకు కొవ్వు మెత్తెడివారు. మన కృష్ణా తుంగభద్రలపై నడచిన తోలుపుట్టికి ఇది దూరపు చుట్టమే. కాని పుట్టి గుండ్రము, ఇది నిడుపు. పిల్లలు, ముసలివారు, కుక్కలు, ఎండుమాంసము, అమ్మకపు బొచ్చుతోళ్లు, ఇల్లంతయు దానిలోనే. ఆ సుడులలో ఇంటిల్లపాది ప్రాణములు ఇల్లాలి కుట్టును నమ్ముకొని యుండెడివి! రేవు చేరిన పిదప పడవను విప్పి, ఆ తోళ్లనే పాదరక్షలు మొదలగు వానికి వాడుకొనెడివారు.

జలపాతముకడ విద్యుచ్ఛక్తికై ఆనకట్ట కట్టవలెనను తలంపు ఒకప్పుడు బలముగా నుండెను. 1970లో ప్రధాని పియర్ ట్రూడో స్వయముగా వచ్చి యీ నదిని జూచి పోయెను. 1976లో ఆ ప్రాంతము చట్టప్రకారము నేషనల్ పార్కు రిజర్వు అయ్యెను. 1978లో యునెస్కో ప్రపంచవారసత్వపు తొలిజాబితాలో జేర్చెను. 2009లో దానిని దాదాపు 30,000 చదరపు కిలోమీటర్లకు పెంచిరి. ఆనకట్ట రాలేదు. పడవవారు నేటికిని జలపాతము ప్రక్కన మూటలు మోసికొని దిగుచునే యున్నారు.