ప్రార్థనయు పరిచర్యయు

రోగియైన సోదరునికొరకు ప్రార్థించుట క్రైస్తవునకు విధి. కాని ప్రార్థన పెదవులతోనే ముగియునా? కరీంనగరు, ఆదిలాబాదు సీమల పొరుగుననున్న డిచ్‌పల్లిలో దీనికి సమాధానము నాకు కానవచ్చుచున్నది.

వెస్లియను మిషనుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్ 1907లో భర్తయగు జార్జితో నిజాం రాజ్యమునకు వచ్చెను. ఊరివెలుపలికి త్రోయబడిన కుష్ఠరోగులను జూచి, జాలిపడి ఊరకుండక, 1915లో డిచ్‌పల్లియందు వైద్యశాల నెలకొల్పెను. అందులకు ధనమిచ్చిన రాజా నర్సాగౌడు హిందువు. పరిచర్యకు మతభేదము అడ్డురాలేదు.

నాడు చాల్‌మోగ్రా నూనె సూదిమందే దిక్కు. నేడు ఆరు లేక పండ్రెండు నెలలు మాత్రలు సేవించినచో వ్యాధి నయమగును. ప్రభుత్వాసుపత్రులలో వానిని ఉచితముగా నిత్తురు. మందు మొదలిడిన కొలదికాలమునకే అంటు తొలగును. భయము మాత్రము తొలగలేదు. స్పర్శలేని మచ్చను సిగ్గుచే దాచి, చికిత్స మానినవారికి వ్రేళ్లు వంకరపోవచ్చును.

కావున సంఘపెద్దలు రోగికొరకు ప్రార్థించి యూరకుండరాదు. అతనివెంట ఆసుపత్రికి నడువవలెను. మరలివచ్చినపుడు తమ పంక్తిలో కూర్చుండబెట్టుకొనవలెను. అట్టి ప్రార్థనయే సంపూర్ణమని నా విశ్వాసము.