చుక్కకు వయసు కట్టేదెలా?

పిల్లలూ, చలికాలం రాత్రి శామీర్‌పేట చెరువు కట్టెక్కి చూడండి. నగరం దీపాలు ఆకాశాన్ని ఎంత వెలవెలబోయేలా చేసినా కృత్తికలు గుత్తిగా కనిపిస్తాయి. వాటి వయసు పది, పన్నెండు కోట్ల ఏళ్లు. మన సూర్యుడిది 457 కోట్లు. ఎలా లెక్కగట్టారంటారా?

సూర్యుడి సంగతి తేలికే. అతనితో పాటే పుట్టిన ఉల్కాశిలలు మన చేతికి చిక్కాయి. వాటిలో రేడియోధార్మిక మూలకాలు ఎంత తరిగాయో చూస్తే వయసు తేలిపోతుంది. మిగతా చుక్కల నుంచి మనకొచ్చేది వెలుగే. అందులోనే ఆనవాళ్లు వెతకాలి.

సూర్యుడి లాంటి నక్షత్రం వయసు మీరేకొద్దీ నెమ్మదిగా తిరుగుతుంది, రంగులుగా విడదీసిన దాని వెలుగులో (వర్ణపటంలో) కాల్షియం గీత ప్రకాశమూ తగ్గుతుంది. 1972లో ఖగోళ శాస్త్రవేత్త స్కుమానిచ్ ఈ రెండింటినీ వయసుతో ముడిపెట్టాడు. అంతకుముందే, 1957లో, ఆ కాల్షియం గీత వెడల్పును బట్టి నక్షత్రపు అసలు కాంతి చెప్పొచ్చని ఓలిన్ విల్సన్‌తో కలిసి చూపినవారు వేణు బప్పు. ఆయన పెరిగింది మన హైదరాబాదులోనే. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు.

మరి ఇలాంటి ఆనవాళ్లతో వయసు కట్టడంలో కంప్యూటర్ చేసేదేమిటి? పశువుల అంగడిలో పెద్దాయన ఎద్దు పండ్లు చూసి వయసు చెప్పేస్తాడు. వయసు తెలిసిన పశువులను ఎన్నింటినో చూసి ఉన్నాడు గనక! మెషీన్ లెర్నింగ్ కూడా అంతే. 2016లో మెలిస్సా నెస్ బృందం ‘ద కానన్’ అనే ప్రోగ్రామ్‌కు కొన్ని అరుణ మహాతారల (ముసలితనంలో ఉబ్బిన ఎర్రని తారల) వర్ణపటాలను చూపింది. కెప్లర్ టెలిస్కోప్ పట్టిన ప్రకంపనలతో బరువు తేలిన తారలవి. బరువైన నక్షత్రం త్వరగా ముసలిదవుతుంది, అందుకే బరువు తెలిస్తే వయసూ చెప్పొచ్చు. పైగా వర్ణపటంలో కనిపించే కార్బన్, నైట్రోజన్ పాళ్లు ఆ బరువును బట్టి మారతాయి. ఈ గుట్టు పట్టుకున్న ప్రోగ్రామ్ సుమారు 70 వేల తారలకు వయసు కట్టింది.

అయితే ఒక్కో తార లెక్కలో సుమారు 40 శాతం తేడా ఉండొచ్చని ఆ బృందమే చెప్పింది. నేర్పిన వయసుల్లో తప్పుంటే నేర్చుకున్నదీ తప్పే అవుతుంది. ఎన్నడూ చూడని రకం తార ఎదురైతే ఎంత తెలివైన ప్రోగ్రామైనా తడబడుతుంది.

శామీర్‌పేట దగ్గరి బిట్స్‌లోనో, మేడ్చల్ కాలేజీలోనో కోడింగ్ నేర్చే బిడ్డలకు నా మాట ఒకటే. గైయా ఉపగ్రహం సేకరించిన 180 కోట్ల నక్షత్రాల సమాచారం ఉచితంగా దొరుకుతుంది, తీసుకుని ప్రయత్నించండి. కానీ ప్రోగ్రామ్ రాసే ముందు, దానికి నేర్పబోయే వయసులు ఎక్కడివో, ఎలా తేల్చారో కనుక్కోండి.