గులాబీల వెనక తెరేజమ్మ: అపోహలు – వాస్తవాలు

మన కథోలిక గుడుల్లో చాలాచోట్ల ఆమె స్వరూపం కనబడుతుంది. గోధుమరంగు అంగీ, తెల్లటి పైవస్త్రం, చేతుల్లో సిలువ, ఆ సిలువను సగం కప్పేస్తూ గులాబీలు. అక్టోబరు 1న పండుగ. తెరేజమ్మ, తెరేసమ్మ అనే పేర్లు మన క్రైస్తవ కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్నాయి. హైదరాబాదు అబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్ హైస్కూలుకు ఆ పేరు వచ్చింది కూడా ‘లిటిల్ ఫ్లవర్’ అని పిలుచుకునే ఈమె మీదుగానే. పేరు ఇంతగా పాకినా మనిషి గురించి మనకు తెలిసింది తక్కువ. తెలుసనుకున్నదాంట్లో సగం అపోహే.

అపోహ: మదర్ తెరేసా, చిన్న తెరేజమ్మ ఒకరే

కాదు, ముగ్గురున్నారు. ఆవిలా తెరేసమ్మ 16వ శతాబ్దపు స్పెయిన్ దేశస్థురాలు, కార్మెల్ సభను సంస్కరించిన ధీర. మన కలకత్తా మదర్ తెరేసా 1910లో పుట్టారు. వీళ్లిద్దరి మధ్యలో, 1873 జనవరి 2న ఫ్రాన్సులోని అలాన్సోఁలో పుట్టి, లిజ్యో కార్మెల్ మఠంలో 24 ఏళ్లకే కన్నుమూసిన ఆవిడే చిన్న తెరేజమ్మ. మదర్ తెరేసా తన పేరు తీసుకున్నది ఈమె నుంచే. 1997 సెప్టెంబరులో మదర్ పోయారు. సరిగ్గా ఆ మరుసటి నెలలోనే రెండవ జాన్ పాల్ పోపు చిన్న తెరేజమ్మను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. అప్పటిదాకా ఆ గౌరవం దక్కిన స్త్రీలు ఇద్దరే.

అపోహ: నోట్లో వేలు పెట్టినా కొరకని పిల్ల

తల్లి జేలీ మార్టిన్‌ను అడిగితే నవ్వేసేది. ఈ కడగొట్టు పిల్ల మొండితనం గురించి ఆమె ఉత్తరాల్లో రాసుకుంది. ఒకసారి ‘కాదు’ అందంటే రోజంతా నేలమాళిగలో పెట్టినా అక్కడే పడుకుంటుంది గానీ ‘సరే’ అనదట. నేలను ముద్దుపెట్టుకుంటే డబ్బులిస్తానని తల్లి సరదాకి ఆశపెడితే, ఆ చిన్నది ససేమిరా అంది.

నాలుగేళ్లు దాటాయో లేదో, రొమ్ము క్యాన్సరుతో తల్లి పోయింది. ఆ దెబ్బకి పిల్ల తీరే మారిపోయింది. చీటికిమాటికి ఏడుపు, ఏడ్చినందుకు మళ్లీ ఏడుపు. ఇది తొమ్మిదేళ్లకు పైగా సాగింది. 1886 క్రిస్మస్ రాత్రి గుడి నుంచి ఇంటికొచ్చారు. అక్కడి ఆచారం ప్రకారం పొయ్యి దగ్గర పెట్టిన చెప్పుల్లో పిల్లలకు కానుకలుంటాయి. తెరేజమ్మకి పద్నాలుగు నిండబోతున్నాయి. అలసిపోయి ఉన్న తండ్రి, ఈ చిన్నపిల్లల ముచ్చట ఈ ఏటితో సరి అన్నట్టు విసుక్కున్నాడు. మెట్లెక్కుతున్న పిల్ల చెవిన ఆ మాట పడింది. ఇప్పుడే కిందికి వెళ్లొద్దని అక్క సెలీన్ ఆపబోయింది. ఆమె మాత్రం కన్నీళ్లు దిగమింగుకుని, గబగబా దిగివచ్చి, నవ్వుతూ ఒక్కొక్క కానుకా తీసి తండ్రికి చూపించింది. తన జీవితం మలుపు తిరిగింది ఆ రాత్రేనని తర్వాత రాసుకుంది. అద్భుతమేమీ జరగలేదు. ఇంట్లో పెద్దవాళ్లు అన్న ఒక మాటను మనసులో పెట్టుకోకుండా దాటేయడం, అంతే. అది ఎంత కష్టమో ఉమ్మడి కుటుంబంలో బతికినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మొండితనం మాత్రం పోలేదు, మంచిదారి పట్టింది. మరుసటి ఏడు తండ్రితో రోముకు వెళ్లింది. పోపుతో ఎవరూ మాట్లాడకూడదని కట్టడి చేసినా, 13వ లియో పోపు ముందు మోకరిల్లి, పదిహేనేళ్లకే మఠంలో చేరనివ్వమని నోరు తెరిచి అడిగేసింది. భటులు వచ్చి లేపి తీసుకెళ్లాల్సి వచ్చింది. 1888 ఏప్రిల్ 9న, కోరుకున్నట్టే పదిహేనేళ్లకే, కార్మెల్‌లో అడుగుపెట్టింది.

అపోహ: నిత్యం దర్శనాలు, ప్రార్థనలో పారవశ్యం

పదేళ్ల వయసులో జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు, గదిలోని మరియమాత స్వరూపం తనవైపు చూసి నవ్విందని, జబ్బు నయమైందని ఆమె చెప్పింది. అయితే మఠంలోకి వెళ్లాక చాలావరకు ఎండిన ప్రార్థనే. ధ్యానం వేళ నిద్ర ముంచుకొచ్చేది, ఏళ్ల తరబడి. జపమాల చెప్పడం కష్టంగా ఉందని, మనసు నిలవడం లేదని దాచకుండా ఒప్పుకుంది. నిద్రపోయినా పిల్లలు తల్లిదండ్రులకు ముద్దే కదా అని ధైర్యం చెప్పుకుంది. ఒళ్లు హింసించుకునే తపస్సుల సంగతీ అంతే. ముళ్లున్న చిన్న ఇనుప సిలువ కొన్నాళ్లు ధరించి జబ్బుపడింది, ఇది తన దారి కాదని తేల్చుకుంది. ప్రార్థనలో కునుకు తీస్తున్నామని సిగ్గుపడి ప్రార్థనే మానేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

అపోహ: పునీతులకు సందేహాలుండవు

1896 పవిత్ర వారంలో ఆమెకు మొదటిసారి నోట రక్తం పడింది. క్షయ. ఆ పాస్కా రోజుల్లోనే లోపల ఇంకో చీకటి కమ్మింది. దేవుణ్ణి నమ్మనివాళ్లు నిజంగా ఉంటారంటే అంతకుముందు ఆమె నమ్మేది కాదు, వాళ్లు మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అంటున్నారనుకునేది. ఇప్పుడు తనే వాళ్ల పక్కన కూర్చున్నట్టయింది. మోక్షం అనేది ఉందా, చావు తర్వాత మిగిలేది శూన్యమేనా అన్న ప్రశ్న పద్దెనిమిది నెలలు, చనిపోయేదాకా వదల్లేదు. ఇంకా రాస్తే దైవదూషణ అవుతుందేమోనని భయపడి ఆ విషయం దగ్గర కలం ఆపేసింది. విశ్వాస సంగ్రహాన్ని తన రక్తంతో రాసి గుండె దగ్గర పెట్టుకు తిరిగింది. మఠంలో తోటివాళ్లలో చాలామందికి ఇదేమీ తెలియదు. సంతోషంగా పాటలు కట్టే తెరేజమ్మే వాళ్లకు కనబడేది.

మరో సంగతి కూడా చెప్పాలి. చివరి రోజుల్లో నొప్పి భరించలేని స్థితిలో, ఇలాంటి రోగుల చేతికందేచోట విషపు మందులు ఉంచవద్దని ఆమె మఠకన్యలను హెచ్చరించింది. విశ్వాసమే లేకపోతే తానూ ఏమైపోయేదో అంది. నిరాశలో కూరుకుపోయినవాళ్లను ‘నీకు భక్తి చాలదు’ అని మందలించే అలవాటు మన దగ్గర ఉంది. 1925లో శ్రీసభ పునీత పట్టం కట్టిన స్త్రీ ఆ అంచుదాకా వెళ్లిందని తెలిస్తే ఆ మందలింపు గొంతులోనే ఆగాలి. అలాంటివారి పక్కన కూర్చోవాలి, వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి, మందులు జాగ్రత్తపెట్టాలి. ఆమె చెప్పిన జాగ్రత్త కూడా అదే.

అపోహ: ‘చిన్న మార్గం’ అంటే సులువైన మార్గం

పరిపూర్ణత మెట్లెక్కలేని తనను యేసు చేతులే లిఫ్టులా పైకి ఎత్తుతాయని, అదే తన చిన్న మార్గమని ఆమె రాసింది. అప్పటికి ధనికుల ఇళ్లలో లిఫ్టులు కొత్త. ఆ మాట ఒక్కటే పట్టుకుని, ఆమె దారిలో శ్రమే లేదనుకుంటాం. సిస్టర్ సెయింట్ పియేర్ సంగతి చూడండి.

ఈ ముసలి మఠకన్యకు ఒళ్లు నొప్పులు, నోరు గట్టిది. సాయంత్రం ఆరుకు పది నిమిషాలుండగా ఆమెను గుడి నుంచి భోజనాల గదికి నడిపించాలి. ఎవరు చేసినా మెప్పించలేరని తెలిసీ తెరేజమ్మే ముందుకొచ్చింది. బల్లలు ఒక పద్ధతిలో జరపాలి. వెనక నుంచి నడికట్టు పట్టుకుని నడవాలి. కాస్త తొందరపడితే పడిపోతానని గోల. నెమ్మదిస్తే నీ చెయ్యేదీ, వదిలేశావా అని గోల. చివరికి నువ్వు మరీ చిన్నదానివి, నీకు చేతకాదని తీర్మానం. భోజనాల గదికి చేరాక ఆమె కోరిన తీరుగా కూర్చోబెట్టి, అంగీ చేతులు మడవాలి, అదీ ఆమెకు నచ్చినట్టు. వెళ్లిపోబోతూ ఒకరోజు తెరేజమ్మ గమనించింది, వంకరపోయిన ఆ వేళ్లకి రొట్టె కోసుకోవడం సాధ్యం కావడం లేదు. అప్పట్నుంచి రొట్టె కోసిపెట్టి, ఒక నవ్వు నవ్వి గాని కదిలేది కాదు. ముసలావిడ మెత్తబడింది ఆ నవ్వుకే.

మంచానపడ్డ అత్తగారికో, తండ్రికో రోజూ అన్నం కలిపి పెట్టేవాళ్లను అడగండి, ఇది సులువైన మార్గమేనా అని. ఇందులో ఒక్కరోజు చేసే పని ఏదీ కష్టం కాదు. మర్నాడు మళ్లీ చేయాలి, అదే కష్టం.

అపోహ: మఠం గోడల మధ్య ఉన్నవాళ్లకు లోకం పట్టదు

మఠంలో చేరకముందే, మూడు హత్యలు చేసి మరణశిక్ష పడ్డ ప్రాంజీనీ అనే ఖైదీ కోసం పట్టుబట్టి ప్రార్థించింది. 1887 ఆగస్టులో శిక్ష అమలయ్యే క్షణాన అతడు సిలువను ముద్దుపెట్టుకున్నాడని పేపర్లో చదివి కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత ఇద్దరు వేదబోధకులకు అండగా ఉత్తరాలు రాసింది. వాళ్లలో ఒకరు చైనా వెళ్లారు, ఇంకొకరు ఆఫ్రికా. మఠం దాటని ఈమెను 1927లో, మన దేశందాకా వచ్చిన ఫ్రాన్సిస్ జేవియర్ గారితో సమానంగా, వేదప్రచారానికి పాలక పునీతురాలిగా ప్రకటించారు.

అపోహ: నవదినాలు చేస్తే గులాబీ అందుతుంది, అందితే కోరిక తీరినట్టే

చనిపోయాక లోకానికి మేలు చేస్తూనే ఉంటానని, గులాబీల వాన కురిపిస్తానని ఆమె అన్న మాట నిజం. ‘ఈ గులాబీని పన్నెండుమందికి పంపండి, పంపకపోతే కీడు’ అన్న వాట్సాప్ సందేశంతో ఆమెకు సంబంధం లేదు. మనసుతో పనిలేకుండా, పైపై తంతుకే ఫలితం వస్తుందనుకోవడం మూఢనమ్మకమని శ్రీసభ సత్యోపదేశం స్పష్టంగా చెబుతుంది. పువ్వు రాలేదని బెంగపడొద్దు. సందేశం తుడిచెయ్యండి.

అపోహ: ఆ ఇంట్లో అందరూ దేవదూతలే

తండ్రి లూయీ గడియారాలు బాగుచేసేవాడు, తల్లి లేసుల వ్యాపారం నడిపేది. తొమ్మిదిమంది పుడితే బతికింది అయిదుగురు ఆడపిల్లలు. చివరి ఏళ్లలో తండ్రికి మతి చెదిరి, మూడేళ్లు మానసిక చికిత్సాలయంలో ఉంచాల్సి వచ్చింది. ఊళ్లో చెవులు కొరుక్కున్నారు, కూతుళ్లంతా మఠాలకు పోవడం వల్లే ఇలా అయ్యాడని కూడా అన్నారు. ఆ దంపతులిద్దరినీ 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ పోపు ఒకేసారి పునీతులుగా ప్రకటించారు.

మూడో కూతురు లెయొనీ ఆ ఇంటి బెంగ. చదువు అబ్బలేదు, బడి నుంచి పంపేశారు. మూడుసార్లు మఠంలో చేరి మూడుసార్లూ వెనక్కి వచ్చింది. చెల్లెలు చనిపోయాక, 1899లో, నాలుగోసారి కాఁ పట్టణంలోని విజిటేషన్ మఠంలో చేరింది. 1941లో కన్నుమూసేదాకా అక్కడే ఉంది. ఆమెకు పునీత పట్టం కోసం 2015లో విచారణ మొదలైంది.