తెట్టు ఎటు కొట్టుకుపోతుంది?

జి.కొండూరు రోడ్డు మీద ఆయిల్ ట్యాంకర్లు కొత్త కాదు. కొండపల్లి డిపోల్లో నింపుకుని మైలవరం, తిరువూరు వైపు పోతుంటాయి. సముద్రం చూడాలంటే మనం బందరు దాకా వెళ్లాలి కాబట్టి, నడిసంద్రంలో చమురు ఒలికితే అది తీరం వాళ్ల కష్టంలే అనుకుంటాం. రోజూ ఆ చమురు వాడుతూ అలా అనుకోవడం సబబు కాదు.

కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, లోతు సముద్రంలో ఉన్న 98/2 బ్లాకు నుంచి ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న ముడిచమురు తీయడం మొదలుపెట్టింది. చమురు ఒలుకుతుందేమోనన్న అక్కడి జాలర్ల భయం ఊరికే పుట్టింది కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో నేల మీది బావి ఎగదన్నుకుంటే ఆ మంటలు ఆర్పడానికి 65 రోజులు పట్టింది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. సముద్రం అడుగున ఉన్న ఆ బావిని మూయడానికి 87 రోజులు పట్టింది.

ఒలికిన చమురు ఎటు పోతుందన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. మన తీరం వెంట నీటి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి సాగుతుంది. కాకినాడ దగ్గర మార్చిలో ఒలికితే విశాఖ వైపు, నవంబరులో ఒలికితే హంసలదీవి వైపు కొట్టుకుపోవచ్చు. గాలి దాన్ని ఒడ్డుకు తోస్తుంది. చమురులో తేలిక భాగం ఆవిరైపోతుంది. మిగిలిన బరువు భాగం నీటితో కలిసి చిక్కబడి తెట్టు కడుతుంది.

ఇసుక ఒడ్డునైతే గీకి ఎత్తిపోయవచ్చు. కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవిలో అది కుదరదు. అక్కడ మడచెట్ల వేళ్లు గాలి కోసం బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొస్తాయి. వాటి మీది సన్నని రంధ్రాలను జిడ్డు మూసేస్తే చెట్టుకు ఊపిరాడదు. బురదలో దిగి శుభ్రం చేయబోతే ఆ జిడ్డు ఇంకా లోపలికి పోతుంది. రొయ్య పిల్లలు, పీత పిల్లలు పెరిగేది ఆ వేళ్ల మధ్యనే.

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై పక్కనున్న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికింది. పర్యావరణానికి నష్టమేమీ లేదన్నది పోర్టు తొలి ప్రకటన. తర్వాత ఎర్నావూరు రాళ్ల గట్టు దగ్గర మనుషులు బకెట్లతో నల్లటి బురద తోడి ఎత్తిపోశారు. చేపలు కొనేవాళ్లు లేక జాలర్లు నష్టపోయారు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది పరిహారం సంగతి. నష్టం తేల్చాలంటే ముందెంత ఉండేదో, తర్వాతెంత మిగిలిందో చూపించాలి. రసీదు లేకుండా ఒడ్డునే చేపలమ్మే పడవ మనిషి ఏ కాగితం చూపిస్తాడు? పీతలు ఏరి బతికే ఆడవాళ్ల సంపాదన ఏ రిజిస్టరులో ఉంటుంది? అందుకే కోరింగ బురద నమూనాలు, తాబేళ్ల గూళ్ల లెక్క, ఒక్కో రేవులో వేట వివరాలు ఇప్పుడే రాసి పెట్టాలి. ఆ ఖర్చు బావులు తవ్వే కంపెనీలే భరించాలి. లెక్క మాత్రం వాళ్ల చేతిలో ఉండకూడదు. ఏటా ఆ వివరాలను తెలుగులో రేవు దగ్గరే అతికించాలి, జాలరి చదివి తప్పుంటే అక్కడికక్కడే దిద్దించేలా.